మజ్జిగ దగ్గర ఆగిన పంక్తి

నేతి గిన్నెతో రెండో వరసలో మూడో విస్తరి ముందు వంగిందో లేదో, పెరటి వైపు నుంచి ఊపిరి వినపడింది సోమిదేవమ్మకి. పాట కాదింకా. గొట్టంలోకి మనిషి వదిలిన వట్టి ఊపిరి. నేను నెయ్యి వడ్డించే వేళకి మొదలుపెట్టు అని నావలో అరిటాకులు తెచ్చే పల్లంరాజుకి తనే చెప్పింది. పప్పూ అన్నం వేడిగా కలుపుకుని నెయ్యి కోసం చెయ్యి ఆపిన మగవాడు ఇల్లు కూలుతున్నా విస్తరి ముందునుంచి లేవడని ఇరవై ఆరేళ్ళుగా చూస్తోంది. నెయ్యి సన్నగా జారుతూ ఉండగా ఆ ఊపిరి గొంతు విప్పుకుంది. సన్నాయి గొంతు కాదు. దానికంటే లోతు, దానికంటే తడి. సన్నాయి ఊరందర్నీ పిలుస్తుంది, ఇది ఒక్కరినే పేరుపెట్టి పిలిచినట్టు ఉంటుంది. వసారాలో పన్నెండు విస్తళ్ళ ముందు పన్నెండు తలలు లేచాయి. చయనులు గారి చేతిలో ముద్ద విస్తరికీ నోటికీ మధ్య నిలిచిపోయింది. ఆయనకి భోజనం దగ్గర మౌనం నియమం. ఊఁ అన్నారు ముక్కుతో. రెండోసారి ఇంకొంచెం గట్టిగా ఊఁ అన్నారు. సోమిదేవమ్మ ఆయన విస్తరిలో నెయ్యి వేసి, ఇంకాస్త వెయ్యనా అన్నట్టు గిన్నె వంచి చూసి, తరవాతి విస్తరికి జరిగింది.

అరవడానికి లేదు పాపం ఆయనకి. ఆ నియమం సంగతి తెలిసే ఈ వేళ ఎంచుకున్నావా అని ఎవరైనా అడిగితే ఔననే చెబుతుంది. రాజమహేంద్రవరంలో కోటిలింగాల రేవుకి రెండు వీధుల ఇవతల ఈ పూటకూళ్ళ ఇల్లు పెట్టినప్పటి నుంచీ ఆవిడ మనుషుల్ని చదివింది విస్తళ్ళలోనే. కోర్టు వాయిదాకి వచ్చినవాడు పులుసు ముట్టడు, గెలిచినవాడు కూర రెండోసారి అడుగుతాడు. గోదావరి మీద రైలు వంతెన కట్టడం మొదలయ్యాక వచ్చి పడ్డ గుమాస్తాలు అన్నం చల్లారినా పట్టించుకోరు, వాళ్ళ చెవుల్లో ఇంకా ఇనుము మోగుతూనే ఉంటుంది. చయనులు గారు ఈ ఇంటికి సొంతదారు. ఆయన భార్య కూతురి పురిటికి అమలాపురం వెళ్ళి నెల కావస్తోంది, అందుకని రెండు పూటలా ఇక్కడే భోజనం. పక్క వసారాలో విడిగా పీట వేసుకుని కూర్చున్న ఆయన భీమవరం దగ్గర్నుంచి వచ్చిన విశ్వనాథరాజు గారు, పొలం గట్టు తగువు మీద పదకొండేళ్ళుగా కోర్టుకి తిరుగుతున్నారు, ఇన్నేళ్ళలో ఉప్పు తక్కువైందని కూడా ఎప్పుడూ అనలేదు. వీళ్ళందరికీ తను చెయ్యి మాత్రమే. గరిట పట్టుకున్న చెయ్యి. ముసుగు కింద మొహం ఎలా ఉంటుందని అడిగితే పన్నెండుమందిలో ఒక్కడూ చెప్పలేడు, అది తప్పని కూడా కాదు, అలా ఉండాలనే కదా ముసుగు వేసింది, అలా ఉండాలనే కదా నెలకోసారి మంగలి దొడ్డిగుమ్మంలోంచి వచ్చి పోయేది.

మధ్యాహ్నం వీధి అరుగు మీద నిలబడినప్పుడు మాత్రం చయనులు గారికి ఏ మౌనమూ లేదు. “ఏమే సోమిదేవమ్మా, సాయంత్రం ఎవడో జాలరివాడు మన ఇంట్లో ఊదుతాడుటగా?” అన్నారు. ఔనండి, పెరట్లో, అంది. “ఎంగిలి గొట్టమే అది. వాడి నోటి గాలి మా విస్తళ్ళ మీదికి రావాలా?” ఆ విస్తళ్ళు వాడి నావలో వచ్చిన ఆకులేనండి, అంది తను, గోదావరి గాలి కూడా వాడి తెరచాప తాకొచ్చాకే మన కిటికీలోకి వస్తుంది. ఆ మాట ఎలా వచ్చిందో నోట్లోకి. అనుకుని అన్నది కాదు. పెళ్ళిభోజనాల్లో సన్నాయి ఊదితే లేని ఎంగిలి దీనికెందుకండీ అని కూడా అనబోయింది, ఆయన అననివ్వలేదు. సన్నాయి ఊదేవాళ్ళకి అది కులవృత్తి, వీడికి చేపలు వృత్తి, వీడి చేతిలో తెల్లవాళ్ళ గొట్టం, నీకు మతి పోయింది అన్నారు. మెట్లు దిగుతూ వెనక్కి తిరిగి, “ఇల్లెవరిదో ఒక్కసారి గుర్తుచేసుకో,” అన్నారు. మన ఇంట్లో అంటూ మొదలుపెట్టి, ఇల్లెవరిది అనేదాకా వచ్చారు, నాలుగు మెట్లు దిగేలోపల. ఆవిడ అరుగు మీదే నిలబడి ఆ మెట్లని చూసింది. రోజూ పేడతో అలికేది తను. ముగ్గు వెయ్యడానికి పక్కింటి పిల్లని పిలవాల్సి వచ్చేది, తన చేతి ముగ్గు శుభం కాదని. ఇల్లెవరిది. నిజమే, మంచి ప్రశ్న అనుకుంది. పోయి పనసపొట్టు కొట్టుకుంది, కత్తి దెబ్బలు వీధి చివరిదాకా వినపడ్డాయిట.

కూర గిన్నె తీసుకుని మళ్ళీ వసారాలోకి వచ్చేసరికి పెరట్లో రాగం నడక పట్టింది. పడవ వాళ్ళు గెడ వేసేటప్పుడు పాడుకునేదే అది, రెండు అడుగులూ ఒక విసురూ, కానీ పల్లంరాజు దాన్ని ఉన్నచోట ఉండనివ్వడు. రెండో విసురు రావలసిన చోట రానివ్వకుండా ఆపుతాడు, వినేవాడి కాలు గాల్లో ఉండిపోతుంది, అప్పుడు వెనకనుంచి వచ్చి ఇంకో దారిలో దింపుతాడు. వంతెన గుమాస్తాల్లో చిన్నవాడు ఎడమచేతి వేళ్ళతో పీట మీద కొడుతున్నాడు, కొడుతున్నట్టు వాడికి తెలియదు. పల్లంరాజుని ఒకసారి అడిగింది, నిన్న రేవులో వాయించినట్టు ఇవాళ వాయించలేదేం అని. “ఎలాగొస్తాదో నాకూ తెలవదండీ అమ్మగోరూ, ఊదేకే తెలుస్తాది. ఆయ్,” అన్నాడు, దొంగతనం ఒప్పుకుంటున్నట్టు తల దించుకుని. నలభై దాటినవాడు, గడ్డం నెరిసినవాడు. పదహారో ఏట కోరంగి రేవులో ఓడెక్కి బర్మా వెళ్ళాడు, రంగం పట్టణంలో మూటలు మోశాడు, మూటలు మోసే హోటల్లోనే గోవా మనిషి ఒకడు బ్యాండులో ఈ నల్లగొట్టం ఊదేవాడట, క్లారినెట్టు అంటారు దీన్ని, ఆయన జబ్బుపడి మంచాన ఉంటే ఎనిమిది నెలలు అన్నం తినిపించి ఒళ్ళు తుడిచి నేర్చుకున్నాడు. ఆయన పోయేముందు గొట్టం వీడి చేతిలో పెట్టాడు. మూడేళ్ళు ఆ హోటల్లో వాయించానండీ అని చెప్పాడు, అరిటాకుల కట్ట దొడ్లో దించి, చెమట తుడుచుకుంటూ. తెల్లోళ్ళు దీపాల కింద కూకుని తింటా ఉంటారండి, మేం మూలనుండి వాయిస్తా ఉంటాం. తినేవాళ్ళు వింటారా అని అడిగింది. “ఇనరండి. ఎప్పుడన్నా ఒకాయన తినడం ఆపి ఇటు తిరిగేవోడండి. ఆడి కోసరమే వాయించేవోళ్ళం.”

ఆ రోజంతా ఆ మాట ఆవిడ వెంట తిరిగింది. సముద్రం అవతల ఒక ఊళ్ళో దీపాల కింద అన్నం, అన్నంతో పాటు పాట, ఎవరూ చావలేదు, ఎవరి అన్నమూ చెడలేదు. తన ఇంట్లో ఇరవై ఆరేళ్ళుగా వినపడేవి గుటకలూ త్రేన్పులూ చెంబు కింద పెట్టిన చప్పుడూ. మొన్న సోమవారం పల్లంరాజు ఆకుల కట్ట దించి, ఇక నుంచి ఆకులే తెస్తానండి, సాయంత్రాలు రేవులో ఊదను అన్నాడు. సంధ్య వార్చుకునేవాళ్ళకి ఏకాగ్రత చెడుతోందని పెద్దలు కబురంపారట. పెద్దలంటే ఎవరో చెప్పలేదు, చెప్పక్కర్లేదు. మరి ఎక్కడ ఊదుతావురా అంది. నడిగోదాట్లో ఊదుకుంటానండి, అక్కడ చేపలకి సంధ్య లేదు గదా అని నవ్వాడు. నవ్వితే కళ్ళు నవ్వలేదు. శుక్రవారం సాయంత్రం మా ఇంట్లో వాయించు, భోజనాల వేళ, అనేసింది. వాడు బిత్తరపోయి చూశాడు. ఆవిడ కూడా బిత్తరపోయింది, కానీ ముసుగు ఉంది కనక తెలియలేదు. ముసుగువల్ల జరిగిన మేలు అదొక్కటే కాబోలు.

పనసపొట్టు కూర ఆవపెట్టి చేసింది. ఘాటు ముక్కుకెక్కి ఇద్దరు కళ్ళు తుడుచుకున్నారు, కూరవల్లే అనుకోనీ. పులుసు తెచ్చింది. పెరట్లో ఇప్పుడు పడవ పాట లేదు, రంగం హోటలు లేదు, వాడు ఎటో వెళ్ళిపోయాడు, పొడుగ్గా ఒక్క స్వరాన్ని పట్టుకుని దాని మీదే నిలబడ్డాడు, ఒంటికాలి మీద కొంగలాగా, ఎంతసేపు నిలబడతావురా నాయనా, ఊపిరి పోతుందిరా అని ఈవిడకి గుండె పట్టేసింది. దించాడు. ఎక్కడో ఒకరు ఆహా అన్నారు. పక్క వసారాలోంచి. విశ్వనాథరాజు గారు. ఆయన తినడం ఆపి ఇటు తిరిగి కూర్చున్నారు, కుడిచెయ్యి విస్తరి మీద గాల్లో పెట్టుకుని, పదకొండేళ్ళ తగువు మొహంలోంచి దిగిపోయినట్టుంది. చయనులు గారు ఆ ఆహా విని కళ్ళు మూసుకున్నారు. పులుసు వద్దని చెయ్యి అడ్డం పెట్టారు. ఆవిడ పోసింది. ఇరవై ఆరేళ్ళలో అడ్డం పెట్టిన చెయ్యి పక్కనుంచి వడ్డించడం అదే మొదలు, పులుసు సరిగ్గా అన్నం గుంటలో పడింది, ఒక్క చుక్క ఆయన వేలి మీద పడలేదు. పనిలో తప్పు పట్టడానికి లేకుండా తప్పు చెయ్యడం ఎలాగో తనకి తెలుసు, ఆడవాళ్ళందరికీ తెలుసు.

చారు గిన్నె ఎత్తుకుని మొదటి వరస మొదట్లో నిలబడ్డప్పుడు వచ్చింది అది. ఆనందభైరవి. మెల్లిగా, మెట్టు మెట్టుగా దిగుతూ వచ్చి నీళ్ళ అంచున ఆగి, చేతితో కళ్ళకి నీడ పెట్టుకుని అవతలి గట్టుకేసి చూసినట్టు. చారు గిన్నె బరువు మరిచిపోయింది. ఇది ఎవరి పాటో తెలుసు. ఇది ఈ లోకంలో ఎవరికీ తెలియని పాట. గోదావరి లంకలో వీధిబడి పంతులు, వెంకటప్పయ్య అని, ఎముకల గూడు లాంటి మనిషి, సాయంత్రం పిల్లలకి బడి వదిలేసి, అవతలి ఊళ్ళో ఇంటికి పోవడానికి రేవులో నావ కోసం కూర్చునేవాడు, వేలు పట్టుకుని కూతురు, తను. గాలి ఎక్కువైతే నావవాడు అవతలి నుంచే కేకేసేవాడు, రేపు రండి పంతులు గారూ అని. ఆ రాత్రి బడిలోనే పడక. అలా నావ రాని ఒక సాయంత్రం నాన్న తమాషాకి కట్టిన పాట ఇది. రేపు రమ్మనకురా, రేవు దాటించే వాడా. ఏడేళ్ళ పిల్ల ఇసకలో కాళ్ళు దూర్చుకుని పాడితే నాన్న తొడ మీద తాళం వేసేవాడు, అలా కాదమ్మా, రేపు అనేచోట కోపం ఉండాలి, నవ్వుతున్న కోపం. ఎనిమిదో ఏట పెళ్ళి. పెళ్ళికొడుకు చెవి పోగు గుర్తుంది, మొహం లేదు. పన్నెండో ఏట మశూచికంలో ఆయన పోయాడని కబురొస్తే అమ్మ ఎందుకు నేల మీద పడి దొర్లుతోందో అర్థం కాలేదు. జుట్టు తీయించిన రోజు నాన్న ఇంట్లో లేడు. రేవుకి వెళ్ళి కూర్చున్నాడని తరవాత చెప్పారు. మరి పాడాడా అక్కడ? అడగలేదు. ఆ తరవాత ఏడాది ఆయనా పోయాడు. అత్తింట్లో పద్దెనిమిదో ఏట, ఎవరూ లేరనుకుని, మినప్పప్పు రుబ్బుతూ ఉంటే రోలు తిరిగే లయకి మొదటి ముక్క దానంతట అదే బయటికి వచ్చింది. రేపు రమ్మనకురా, రేవు దాటించే వాడా. రెండో ముక్క నాలిక మీద ఉంది. గుమ్మంలో బావగారు. కొట్టలేదు, తిట్టలేదు, నవ్వాడు. “ముండమోసినదానికి పాట కూడానా?” అని వంటింట్లోకి చూసి అందరితో చెప్పాడు, అందరూ నవ్వారు. రెండో ముక్కని చింతపిక్కలా మింగింది. ముప్పై రెండేళ్ళయింది. పాట అన్నది మళ్ళీ పాడలేదు. మరి ఇది వీడి గొట్టంలోకి ఎలా వచ్చింది?

చారు పోసింది అందరికీ. పోశానని తరవాత అనుకుంది, చెయ్యి దాని పని అది చేసుకుపోయింది. ఖాళీ గిన్నె కింద పెట్టి, మజ్జిగ కడవ దగ్గరికి పోవలసిన కాళ్ళు అటు పోలేదు. పెరటి గుమ్మం దగ్గరికి పోయాయి. గడప మీద కూర్చుంది. గడప మీద ఎవరూ కూర్చోకూడదు, తనలాంటిది అసలు కూర్చోకూడదు, అందులోనూ దీపాలు పెట్టిన వేళ. కూర్చుంది. నడుము అబ్బా అంది. రోజు రోజంతా నిలబడి ఉన్నానని అప్పుడు తెలిసింది ఆ నడుముకి. ఇటు వసారా, అటు పెరడు, మధ్యలో ఎవరి పక్కా కాకుండా, తను. కరివేపాకు చెట్టు పక్కన నాపరాయి మీద కూర్చుని పల్లంరాజు కళ్ళు మూసుకుని ఊదుతున్నాడు, బుగ్గలు ఉబ్బడం లేదు, కంఠం దగ్గర నరం ఒకటి లేచి పడుతోంది. పంక్తిలో ఎవరో “మజ్జిగ” అన్నారు. కాస్త ఆగి ఇంకొకరు “అమ్మా, మజ్జిగ” అన్నారు. ఆవిడ లేవలేదు. తల తిప్పి, మామూలు గొంతుతో, “కాసేపాగండి నాయనా, వింటున్నాను,” అంది.

అప్పుడు చూసింది వాళ్ళ సంగతి, చూసి లోపల్లోపల నవ్వొచ్చింది, నవ్వొచ్చినందుకు సిగ్గుపడలేదు. ఎంగిలి చేత్తో కడవ ముట్టుకోలేరు. మజ్జిగన్నం తినకుండా లేస్తే భోజనం అయినట్టు కాదు. ఒకడు లేస్తే పంక్తి చెడుతుంది, తక్కిన పదకొండుమందీ చేతిలో ముద్ద వదిలెయ్యాలి, ఆ పాపం లేచినవాడిది. చయనులు గారు ఈ ఊళ్ళో ఎన్ని పంక్తుల్లో ఈ ధర్మం చెప్పలేదు. చెప్పిన ధర్మమే ఆయన్ని పీట మీద అంటించేసింది. వేళ్ళ మీద చారు ఎండిపోతోంది, అన్నం మెతుకులు గోళ్ళకి పట్టేస్తున్నాయి. పన్నెండుమంది మగవాళ్ళు కుడిచేతులు ముందుకి చాపుకుని, బాకీ అడుగుతున్నట్టు, తన కోసం కూర్చున్నారు. ఎప్పుడైనా ఎవరైనా తన కోసం కూర్చున్నారా? ఏనాడైనా? చెయ్యడానికి ఏమీ లేదు కనక వాళ్ళకి వినడమే మిగిలింది. వింటున్నారు. చిన్న గుమాస్తా వింటున్నాడు. ప్లీడరు గుమాస్తా వింటున్నాడు. చయనులు గారు వినకుండా ఉండడానికి చెవులు మూసుకోవాలంటే ఉన్నది ఒక్క ఎడమచెయ్యి.

పల్లంరాజు అదే ముక్క మళ్ళీ తీసుకున్నాడు. ఈసారి నావ గట్టు తాకుతూ తాకకుండా ఊగినట్టు. మళ్ళీ తీసుకున్నాడు, ఈసారి అవతలి గట్టు నుంచి ఎవరో కేకేసినట్టు. ఎన్నిసార్లు తీసుకున్నా రేవు దాటించే వాడా దగ్గరికి వచ్చి ఆగిపోతున్నాడు. అక్కడ ఆపి, పడవ పాటలోకి జారి, తిరిగి మొదటికి వస్తున్నాడు. నాలుగోసారి ఆగినప్పుడు ఆవిడ పట్టలేకపోయింది.

“తరవాతది వాయించవేంరా?” అంది.

వాడు కళ్ళు తెరిచి గొట్టం దించాడు. గడప మీద కూర్చున్న ఆవిణ్ణి చూసి లేవబోయాడు. కూర్చో అన్నట్టు చెయ్యి ఊపింది.

“తరవాతది నాకు తెలవదండి.”

“ఎవరి దగ్గర నేర్చుకున్నావు?”

“మీ దగ్గరేనండి,” అన్నాడు, ఇంత తెలిసిన సంగతి ఎందుకు అడుగుతారన్నట్టు. “తెల్లారగట్ల రేవులో ఇత్తడి గిన్నెలు తోముకుంటా పాడతారు గదండీ. నేను నావలో పడుకుని ఇంటా ఉంటాను. ఆరేళ్ళబట్టి ఇంటన్నానండి. మీరు ఎప్పుడూ అక్కడిదాకానే పాడి ఆపేత్తారండి. ఆపేసి గిన్నెలు గట్టిగా తోముతారు.”

సోమిదేవమ్మ తన చేతుల్ని చూసుకుంది. ఇసకా చింతపండూ అరగదీసిన చేతులు. అయితే పాడుతూనే ఉన్నానన్నమాట. ముప్పై రెండేళ్ళు నోరు మూసుకున్నాననుకుంది, ఆ మాటే పట్టుకుని బతికింది, ఎవరిమీదైనా కోపం రావాలంటే ఆ మూసుకున్న నోరే సాక్ష్యం. మూసుకోలేదు. బావగారి నవ్వు మొదటి ముక్కని ఆపలేకపోయింది. నిద్రలో నడిచేవాళ్ళలా చీకట్లో రేవు మెట్ల మీద ప్రతి తెల్లవారుజామునా పాడింది, ఒకడు పడవలో పడుకుని విన్నాడు, విని దాచిపెట్టాడు, ఎవరికీ చెప్పలేదు. రెండో ముక్క దగ్గర మాత్రం అతని నవ్వే గెలుస్తోంది. ఎవడతను? ఎప్పుడో పోయాడు. కట్టెల మీద పెట్టినప్పుడు ఆ పళ్ళు కూడా కాలిపోయి ఉంటాయి. బూడిదైన మనిషి నవ్వుకి భయపడి రోజూ గిన్నెలు గట్టిగా తోముతున్నావుటే, సిగ్గులేకపోతే సరి.

వెనక వసారాలో పీటలు కదలడం లేదు. గొట్టం ఎత్తు అని కళ్ళతో చెప్పింది పల్లంరాజుకి. వాడు ఎత్తాడు. మొదటి ముక్క వాడు ఊదాడు, రేవు దాటించే వాడా దగ్గరికి వచ్చాడు, ఆగాడు. గోదావరి వైపు నుంచి వంతెన పనివాళ్ళ సుత్తి దెబ్బ ఒకటి ఆలస్యంగా వినపడింది. ఆవిడ నోరు తెరిచింది. మొదట గాలే వచ్చింది, పొయ్యి ఊదేటప్పుడు వచ్చేలాంటి గాలి. రెండోసారి మాట వచ్చింది.

పొద్దుండగానే నన్ను నావ కెక్కించరా.

ముసలి గొంతు, పొగ పట్టిన గొంతు, రాగం అంచు తగిలి గీసుకుపోతున్న గొంతు. తీయగా లేదు. తీయగా ఉండక్కర్లేదు. నాన్న చెప్పిన కోపం ఉంది అందులో, నవ్వు కూడా ఉంది, అయితే ఏడేళ్ళ పిల్లకి లేనిది ఇంకొకటి ఉంది, నావవాడు రాకపోతే ఈదుకుంటూ పోతాననే ధోరణి. రెండోసారి పాడింది, ఇంకా గట్టిగా, ముసుగు జారితే సర్దుకోలేదు, లాంతరు వెలుగు బోడితల మీద పడింది, పడనీ. పల్లంరాజు వెంటనే అందుకోలేదు. ఆవిడ ఎక్కడ ఆగుతుందో చూసి, ఆ ఆగిన చోట కింద నుంచి వచ్చి చెయ్యి పట్టుకున్నట్టు కలిశాడు, కలిసి పక్కకి తీసుకెళ్ళాడు, ఆవిడ వదిలించుకుని వేరే దారిన వచ్చింది, వాడు నవ్వాడు, ఈసారి కళ్ళు కూడా నవ్వాయి, ఊదుతూ నవ్వితే స్వరం వణికింది, ఆ వణుకుని కూడా ఆవిడ అందుకుంది. ఇది నాన్న పాట కాదిప్పుడు. నాన్న వింటే గుర్తుపట్టడు. పోనీ, ఆయనకి కొత్తది కడతానని చెబుదాం. నావ కెక్కించరా, నన్ను, నన్ను, పొద్దుండగానే.

“కానీ తల్లీ, కానీ!” అన్నారు విశ్వనాథరాజు గారు పక్క వసారాలోంచి, ఎంగిలి చెయ్యి గాల్లోకి ఎత్తి. ఎవరో వెనక గునిశారు, ఇంకెవరో వాళ్ళని ఊరుకోమన్నారు.

“ఆపవే!”

చయనులు గారు. విస్తరి ముందు కూర్చుని మాట్లాడారు. ఆయన గొంతు అక్కడ విని ఆయనే ఉలిక్కిపడ్డట్టున్నారు. ఎన్నేళ్ళ నియమమో, ఒక్క మాటకి పోయింది. పోయిందన్న కోపం కూడా కలిసి మొహం కందగడ్డలా అయింది. పల్లంరాజు గొట్టం దించేశాడు. సోమిదేవమ్మ పాడుతున్న ముక్క పూర్తిగా పాడి, ఆపి, గడప మీదనుంచి లేచింది.

“నెలాఖరుకి ఇల్లు ఖాళీ చెయ్యి,” అన్నారు ఆయన. “బోడిముండ గడప మీద కూర్చుని జాలరివాడితో పాటలు పాడుకునే కొంపలో... నెలాఖరు కాదు, వారం. వారం రోజులు. గిన్నెలు తీసుకుని పో.”

తక్కిన పదిమంది విస్తళ్ళలోకి చూస్తున్నారు. చిన్న గుమాస్తా మాత్రం ఆవిడ మొహంలోకి చూస్తున్నాడు, మొదటిసారిగా, ముసుగు లేని మొహంలోకి. భయం వస్తుందని మధ్యాహ్నం నుంచీ అనుకుంటూనే ఉంది. వెతికింది లోపల. కాళ్ళ మీద తను నిలబడే ఉంది. గిన్నెలు తీసుకుని పో అన్నాడు. గిన్నెలు తనవని ఒప్పుకున్నట్టే కదా. గిన్నెలు ఉన్నాయి, చెయ్యి ఉంది, పనసకాయలు ఎక్కడైనా కాస్తాయి, వంతెనకి అవతల గట్టున కొవ్వూరు ఉంది, ఆకలి లేని ఊరు ఇంకా కట్టలేదు ఎవరూ. ఇంటికి గోడలు చాలు. పెరడు మాత్రం ఉండాలి. మనిషి కూర్చుని ఊదడానికి రాయి ఒకటి పట్టే పెరడు.

మజ్జిగ కడవ ఎత్తి నడుము మీద పెట్టుకుంది. మొదట చయనులు గారి విస్తరి దగ్గరికే వెళ్ళింది. లేవలేదు ఆయన, లేవలేరు, పంక్తి ఉంది.

“అలాగేనండి,” అంది. “వారంలో ఖాళీ చేస్తాను. అన్నం ఇంకొంచెం పెట్టనా, మజ్జిగలోకి?”

ఆవిడ అన్నం పెట్టింది, గుంట చేసింది, చిక్కటి మజ్జిగ నిండా పోసింది, ఎప్పుడూ పోసినంతే, చుక్క ఎక్కువా లేదు తక్కువా లేదు. పోసి, పక్క విస్తరికి జరుగుతూ, తల తిప్పకుండానే పెరట్లోకి కేకేసింది.

“ఆపావేంరా పల్లంరాజూ? వీళ్ళ భోజనాలు ఇంకా కాలేదు. వాయించు.”